ఆబిడ్స్‌లో పన్ను, నాంపల్లిలో ఎక్స్-రే

నాంపల్లి మెట్రో స్టేషన్‌లో టికెట్టు గేటు దాకా పోకముందే సంచిని బెల్టు మీద పెట్టమంటారు. అది రబ్బరు పట్టీల తెర కింద లోపలికి జారి, ఎక్స్-రే తీయించుకుని అవతల బయటపడుతుంది. సంచిలో టిఫిన్ డబ్బా ఉన్నా మధ్యాహ్నం ఆ అన్నం తినడానికి ఎవరూ జంకరు. జంకాల్సిన పనీ లేదు, ఎక్స్-రే తగిలినంత మాత్రాన అన్నంలో ఏమీ మిగలదు. స్టేషన్ దిగి రెడ్‌హిల్స్ వైపు వెళ్తే 1955లో మొదలైన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అందరూ ఎం.ఎన్.జె. అంటారు. అక్కడ ఇదే జాతి కిరణాలతో కణితులను చంపుతారు. నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో, నేరం నాటికి కుర్రాడికి పద్దెనిమిది నిండాయా లేదా అన్న వాదన వచ్చినప్పుడు కేసు కాగితాల్లోకి ఎక్స్-రే రిపోర్టు చేరుతుంది. అక్కడి నుంచి ఆబిడ్స్ వైపు మళ్లితే జీపీఓ చుట్టుపక్కల సందుల్లో, మేడమెట్ల పక్కన, దంతవైద్యుల బోర్డులు కనిపిస్తాయి.

ఈ కాస్త దూరంలోనే ఎక్స్-రే ఇన్ని అవతారాల్లో పనిచేస్తోంది. వాటిలో మనిషి ఒంటికి తగిలేవాటిని వరసలో పెడితే, పంటి ఎక్స్-రే దాదాపు అట్టడుగున ఉంటుంది. అయినా రోగి కుర్చీలో వెనక్కి వాలి అనుమానంగా అడిగేది దాని గురించే. "పోయిన యేడాదే తీసిండ్రు గద సార్, మళ్లా ఎందుకు?"

అడగవలసిన ప్రశ్నే అది. కాకపోతే అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నాకేమైనా హాని జరుగుతుందా అన్నది ఒకటి, అసలు ఇది అవసరమా అన్నది రెండోది. మొదటిదానికి లెక్కలతో జవాబు చెప్పవచ్చు. రెండోదానికి మీ నోరు చూసిన డాక్టరే జవాబు చెప్పాలి. మన జనం మొదటి ప్రశ్నకు భయపడి రెండోదాన్ని వదిలేస్తారు. నా దృష్టిలో అసలు అడగాల్సింది రెండోదే.

ముందు ఆ బొమ్మ ఎలా పడుతుందో చూద్దాం. క్యాల్షియం, ఫాస్ఫరస్ లాంటి బరువైన మూలకాలు ఎక్స్-కిరణాలను ఎక్కువగా మింగేస్తాయి. చెంప, చిగురు, నాలుక వాటిని చాలావరకు వదిలేస్తాయి. పంటి పైపొర ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే, అందుకే అది బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. దాని కింది డెంటిన్ కాస్త బూడిద రంగులో, నరం, రక్తనాళాలు ఉండే మధ్య గది నల్లగా పడతాయి. పుచ్చినచోట ఖనిజం కరిగిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ నల్లటి నీడ కనిపిస్తుంది. పాత వెండి సిమెంట్, లోహపు క్యాప్ అన్నిటికంటే తెల్లగా, ముద్దగా పడతాయి. వేరు కొసన చీము చేరితే, ఆ చుట్టూ ఎముక కరిగి గుండ్రటి నల్ల మచ్చ తేలుతుంది.

కంటికి కనిపించేది పంటిలో సగం కూడా కాదు. వేళ్లన్నీ ఎముకలో దాగి ఉంటాయి. రెండు దవడపళ్లు ఆనుకునే చోట పుట్టే పుచ్చు, పైన గుంట పడేదాకా అద్దానికి దొరకదు. చిగురు కింద ఎముక ఎంత దిగిపోయింది, సగం బయటపడ్డ జ్ఞానదంతం వేరు దవడ నరానికి ఎంత దగ్గరగా ఉంది, పాత రూట్ కెనాల్ కొసదాకా నిండిందా, ఇవన్నీ ఎక్స్-రే ఉంటేనే తెలుస్తాయి. బొమ్మ లేకుండా రూట్ కెనాల్ చేస్తానంటే కుర్చీ దిగిపోవడం మంచిది.

అలాగని ఎక్స్-రే అన్నీ చెప్పదు. ఖనిజం మూడో వంతుకు పైగా పోతేగాని పుచ్చు నీడ స్పష్టంగా పడదు, కాబట్టి తొలిదశ పుచ్చు అందులో తప్పించుకుంటుంది. పంటిలో సన్నటి పగులు ఉంటే చాలాసార్లు కనిపించదు. నాలుక మీద, బుగ్గ లోపల మొదలయ్యే క్యాన్సర్ పుండును మొదట పట్టేది కన్నూ వేలే, ఎక్స్-రే కాదు. గుట్కా, జర్దా నమిలేవాళ్లు "ఎక్స్-రే బాగుంది" అన్న మాట విని నిశ్చింతగా ఇంటికి పోవడం నాకు భయం కలిగిస్తుంది. నల్లగొండ వైపు నుంచి వచ్చినవాళ్ల పళ్ల మీది గోధుమరంగు మచ్చలకు అసలు ఎక్స్-రే అక్కర్లేదు. అవి ఫ్లోరైడు మచ్చలని చూడగానే తెలుస్తుంది. ఎముకల్లో చేరిన ఫ్లోరైడును మాత్రం ఎక్స్-రే బాగా పట్టిస్తుంది. 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే నేటి ప్రకాశం ప్రాంతంలో, వంగిన నడుములను పరీక్షించి షార్ట్ అనే పరిశోధకుడి బృందం ఈ జబ్బును ప్రపంచానికి చెప్పింది. తాగునీటికీ ఎముకకూ ఉన్న ముడి మన నేల మీద అలా బయటపడింది.

దంతవైద్యుల చీటీల్లో కనిపించే పొట్టి పేర్లు కూడా తెలిసి ఉండాలి. ఐఓపీఏ అంటే నోట్లో చిన్న ఫిల్ము పెట్టి ఒకటి రెండు పళ్లను వేరు కొస దాకా తీసే బొమ్మ. ఫిల్ము బదులు కంప్యూటరుకు కలిపిన చిన్న సెన్సరు పెడితే దాన్నే ఆర్‌వీజీ అంటారు. ఈ పద్ధతి 1987లో ఫ్రాన్సు దంతవైద్యుడు ఫ్రాన్సిస్ మూయెన్ చేతిలో పుట్టింది. బైట్‌వింగ్ అంటే పళ్లు కరిచిపట్టి తీసే బొమ్మ. అమెరికాలో రేపర్ 1925లో దీన్ని తెచ్చాడు. పళ్ల మధ్య పుచ్చుకు ఇంతకంటే మంచి సాధనం నేటికీ లేదు. నొప్పి వస్తేగాని డాక్టరు మెట్లెక్కని మన అలవాటు వల్ల దీని అవసరం మన దగ్గర చాలామందికి కలగదు. ఓపీజీ అంటే యంత్రం తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే బొమ్మలో పరిచేది. ఫిన్లండు దంతవైద్యుడు పాతెరో కృషి అది. ఆ యంత్రం పెద్దది కాబట్టి చిన్న క్లినిక్కుల్లో తరచూ ఉండదు. డాక్టరు చీటీ రాసి ఇస్తే పక్క వీధి డయాగ్నస్టిక్ సెంటరుకు వెళ్లాలి. పన్ను చూపించింది ఆబిడ్స్‌లో, ఎక్స్-రే తీయించింది నాంపల్లిలో అన్నట్టుంటుంది వ్యవహారం. ఇక సీబీసీటీ మూడు కొలతల్లో చూపే స్కాన్. ఇంప్లాంట్లకు, చిక్కుపడ్డ జ్ఞానదంతాలకు, దవడ శస్త్రచికిత్సలకు పనికొస్తుంది.

ఇప్పుడు లెక్క. ఒంటికి పడే కిరణాల ప్రభావాన్ని సీవర్టుల్లో కొలుస్తారు. సీవర్టు చాలా పెద్ద కొలత, అందులో పది లక్షల వంతు మైక్రోసీవర్టు. మనం ఏ ఎక్స్-రే తీయించుకోకపోయినా నేల, గాలి, ఆకాశం, తిండి కలిసి ఏడాదికి ప్రపంచ సగటున 2,400 మైక్రోసీవర్టులు ఇస్తూనే ఉంటాయి. అంటే రోజుకు ఆరున్నర. హైదరాబాద్ గ్రానైటు మీద కట్టిన ఊరు. ఆ రాళ్లలో పొటాషియం, థోరియం, యురేనియం కొంచెం ఎక్కువ కాబట్టి ఒండ్రు నేలల మీద ఉన్న ఊళ్ల కంటే ఇక్కడి నేల నుంచి కాస్త ఎక్కువే వస్తుంది. పబ్లిక్ గార్డెన్స్‌లో రాతి బెంచీ మీద కూర్చుని ఎక్స్-రే గురించి బెంగపడేవారు ఈ సంగతి గమనించాలి.

చిన్న పంటి ఎక్స్-రే ఒకటి తీస్తే, పరికరాన్ని బట్టి 1 నుంచి 8 మైక్రోసీవర్టులు. సగటున 5 అనుకుంటే, ఒక రోజు ప్రకృతి ఇచ్చేదానికంటే తక్కువ. ఓపీజీకి దాదాపు 10 నుంచి 25, అంటే రెండు నుంచి నాలుగు రోజుల కోటా. ఛాతీ ఎక్స్-రే కూడా ఆ స్థాయే. సీబీసీటీ దగ్గరే జాగ్రత్తపడాలి. ఎంత భాగం తీశారు, ఏ యంత్రం అన్నదాన్ని బట్టి కొన్ని పదుల నుంచి కొన్ని వందల మైక్రోసీవర్టుల దాకా పోతుంది. కడుపు సీటీ స్కాన్ ఒక్కటీ 8,000 నుంచి 10,000. కడుపునొప్పికి మారు మాట్లాడకుండా స్కాన్ చేయించుకున్న మనిషే పంటి బొమ్మ దగ్గర ఇబ్బంది పడటం నేను తరచూ వింటాను.

సరే, 5 మైక్రోసీవర్టుల వల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఎంత? అంతర్జాతీయ రక్షణ లెక్కల ప్రకారం ఒక సీవర్టుకు ప్రాణాంతక క్యాన్సర్ అవకాశం సుమారు 5 శాతం, అంటే ఇరవైలో ఒకటి. 5 మైక్రోసీవర్టులు ఒక సీవర్టులో రెండు లక్షల వంతు. రెండింటినీ హెచ్చవేస్తే నలభై లక్షల్లో ఒకటి. ఆబిడ్స్, నాంపల్లి ఉన్న హైదరాబాద్ జిల్లా జనాభా 2011 లెక్కల్లో 39.43 లక్షలు. జిల్లాలో ఉన్న ప్రతి మనిషికీ, పసిబిడ్డ నుంచి ముసలివారి దాకా, తలా ఒక పంటి ఎక్స్-రే తీశామనుకోండి. ఈ లెక్క నిజమైతే వాళ్లందరి జీవితకాలంలో ఒక్క ప్రాణాంతక క్యాన్సర్ అదనంగా రావచ్చు. భారతీయుల్లో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వస్తుందని 2022లో మన జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం అంచనా వేసింది. ఆ లెక్కన ఇదే జిల్లాలో ఎక్స్-రేతో పనిలేకుండా 4.38 లక్షల మందికి క్యాన్సర్ వస్తుంది. ఆ సంఖ్య పక్కన ఈ ఒకటి ఎక్కడ కనిపిస్తుంది?

నిజానికి ఆ ఒకటి కూడా ఖాయం కాదు. హిరోషిమా, నాగసాకి బాధితులను దశాబ్దాలుగా గమనించగా 100 మిల్లీసీవర్టులు, అంటే లక్ష మైక్రోసీవర్టులు దాటాక క్యాన్సర్ పెరుగుదల స్పష్టంగా కనిపించింది. అంతకు చాలా కిందున్న చోట్ల దాన్ని విడదీసి కొలవడం కష్టం. కాబట్టి పెద్ద డోసుల దగ్గర కనిపించిన పెరుగుదల గీతను సున్నా దాకా తిన్నగా లాగి, ఎంత చిన్న డోసుకైనా ఎంతో కొంత హాని ఉందనుకుని జాగ్రత్తపడదామని నిపుణులు పెట్టుకున్న నియమం ఇది. ఇలా చిన్న డోసును పెద్ద జనాభాతో హెచ్చవేసి మరణాలు లెక్కపెట్టవద్దని ఆ లెక్క ఇచ్చినవారే చెబుతారు. నేను హెచ్చవేసింది భయం సైజు చూపించడానికే. మోనజైటు ఇసుక ఉన్న కేరళ కరునాగపల్లి తీరంలో నేల నుంచే మామూలు కంటే ఎన్నో రెట్లు రేడియేషన్ వస్తుంది. అక్కడ దాదాపు 70 వేల మందిని సగటున పదేళ్లకు పైగా గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో దానివల్ల క్యాన్సర్ పెరిగినట్టు తేలలేదు. మన భీమునిపట్నం ఇసుకలోనూ మోనజైటు ఉంది.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? ఊరికే రాలేదు. తొలితరం దంతవైద్యులు దానికి ఒళ్లు ధారపోశారు. రాంట్‌జెన్ 1895 నవంబర్ 8న ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. వార్త బయటపడిన రెండు వారాలకే, 1896 జనవరిలో, జర్మనీ దంతవైద్యుడు ఒట్టో వాల్కాఫ్ నోట్లో గాజు పలక పెట్టుకుని 25 నిమిషాలు కదలకుండా ఉండి తన పళ్ల బొమ్మ తీయించుకున్నాడు. నేడు అదే బొమ్మకు సెకనులో ఐదో వంతు చాలు. అదే ఏడాది అమెరికాలో న్యూ ఆర్లియన్స్ దంతవైద్యుడు ఎడ్మండ్ కెల్స్ రోగులకు ఎక్స్-రేలు తీయడం మొదలుపెట్టాడు. యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో తన చేతినే కిరణాలకు అడ్డం పెట్టి చూసుకునేవాడు. ఫిల్మును వేళ్లతో పట్టుకునేవాడు. కొన్నేళ్లకు ఆ చెయ్యి పుండై క్యాన్సరుగా మారింది. ముందు వేళ్లు తీసేశారు, తర్వాత చెయ్యి, ఆ తర్వాత భుజం దాకా. 1928లో కెల్స్ తనే ప్రాణం తీసుకున్నాడు.

బోస్టన్ దంతవైద్యుడు విలియమ్ రోలిన్స్ దీన్ని ముందే పసిగట్టాడు. 1901లో గినీ పందుల మీద ప్రయోగాలు చేసి ఈ కిరణాలు ప్రాణం తీయగలవని చూపాడు. యంత్రాన్ని సీసపు పెట్టెలో మూయండి, కిరణాన్ని అవసరమైనంత మేరకే వదలండి, రోగి మిగతా ఒంటిని కప్పండి అని రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అతను చెప్పినవన్నీ ఇప్పుడు నియమాలు.

కెల్స్ కథలో తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. ప్రమాదం వచ్చింది ఏళ్ల తరబడి, రోజూ, లెక్కాపత్రం లేకుండా కిరణం ముందు చెయ్యి పెట్టిన డాక్టరుకు. ఇవాళ్టికీ అంతే. క్లినిక్కులో ఎవరికైనా ముప్పు ఉంటే అది ముందు సిబ్బందికే. ఎక్స్-రే తీసేటప్పుడు అసిస్టెంటు అమ్మాయి బయటికి వెళ్తే "వాళ్లు పారిపోయి మనల్ని వదిలేశారు" అని రోగులు నొచ్చుకుంటారు. మీకు ఒక బొమ్మ, ఆమెకు రోజుకు ఇరవై. ఆమె వెళ్లాల్సిందే. రెండు మీటర్ల దూరం జరిగినా చాలు, మీటరు దగ్గర పడేదానిలో నాలుగో వంతే పడుతుంది. ఫిల్మును నోట్లో పట్టుకోవాల్సింది హోల్డరు, అది లేకపోతే రోగి వేలు. డాక్టరు వేలు, అసిస్టెంటు వేలు పనికిరావు. పిల్లవాడు కదులుతుంటే తల్లో తండ్రో పట్టుకోవచ్చు, గర్భిణి మాత్రం కాదు.

మన దేశంలో ఈ యంత్రాలన్నీ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, అదుపులో ఉంటాయి. యంత్రం వాడాలంటే దాని అనుమతి కావాలి. కిరణాల దగ్గర పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదని హద్దు. మామూలు ప్రజలకు 1. రోగికి మాత్రం హద్దు లేదు. ఇది వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. పొరపాటున వదిలేసింది కాదు. రోగికి కలిగే మేలే అక్కడ కొలమానం. హద్దు పెడితే నిజంగా అవసరమైనవాడికి "మీ కోటా అయిపోయింది" అని చెప్పాల్సి వస్తుంది. హద్దు లేదు కాబట్టే, ప్రతి బొమ్మకూ ఒక కారణం ఉండాలి.

ఎం.ఎన్.జె. దగ్గర ఈ మాట బాగా అర్థమవుతుంది. నోటి క్యాన్సర్ రోగికి రేడియేషన్ చికిత్స ఇచ్చేటప్పుడు ఆరేడు వారాల్లో కణితి ఉన్నచోట 60 నుంచి 70 గ్రేల డోసు పడుతుంది. గ్రే అంటే శరీరం మింగిన శక్తికి కొలత. పంటి ఎక్స్-రేలో చెంప చర్మం మీద పడేది 1, 2 మిల్లీగ్రేలు. తేడా పదుల వేల రెట్లు. ఆ చికిత్స ప్రాణం నిలబెడుతుంది, కానీ లాలాజల గ్రంథులు ఎండిపోతాయి, పళ్లు వేగంగా పుచ్చుతాయి, అన్నిటికంటే ముఖ్యంగా దవడ ఎముకకు రక్తం అందడం తగ్గిపోతుంది. చికిత్స అయిన ఏడాదికో రెండేళ్లకో ఒక పిప్పి పన్ను పీకితే ఆ గాయం మానకపోవచ్చు. ఎముక చచ్చి, చర్మం చీల్చుకుని బయటికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే రేడియేషన్ మొదలుపెట్టక ముందే రోగిని దంతవైద్యుడికి చూపిస్తారు. ఓపీజీ తీసి, నిలవని పళ్లన్నీ ముందే తీసేసి, గాయం మానడానికి రెండు వారాల వ్యవధి ఇస్తారు. 20 మైక్రోసీవర్టుల బొమ్మ ఒకటి మనిషి దవడను కాపాడుతుంది. రోగి అప్పటికే భయంతో కుంగి ఉంటాడు, "ఇంకా ఎన్ని ఎక్స్-రేలు?" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఈ ఒక్కదాన్ని మాత్రం వాయిదా వెయ్యకండి.

కోర్టు సంగతి వేరు. 2015 బాలల న్యాయ చట్టం 94వ సెక్షను వయసుకు ముందు బడి లేదా బోర్డు ధ్రువపత్రాన్ని, అది లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన పత్రాన్ని చూడమంటుంది. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్షో మరో వైద్య పరీక్షో. మణికట్టు, మోచేతుల ఎక్స్-రేలతో పాటు జ్ఞానదంతం వేరు ఎంతవరకు పెరిగిందో ఓపీజీలో చూస్తారు. పళ్ల ఎదుగుదల దశలను బట్టి వయసు కట్టే పద్ధతిని కెనడా పరిశోధకుడు డెమిర్జియన్ 1973లో ఇచ్చాడు. ఎంత జాగ్రత్తగా చేసినా అటూ ఇటూ ఏడాదో రెండేళ్లో తేడా రావచ్చు. పదిహేడున్నరకూ పద్దెనిమిదికీ మధ్య శిక్ష మారిపోయే చోట ఆ తేడా చిన్నది కాదు. ఈ బొమ్మతో ఆ పిల్లవాడి ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు కూడా. కాగితం దొరికే అవకాశం ఉన్నప్పుడు ముందు కాగితం వెతకమన్న చట్టం క్రమమే సరైనదని నా అభిప్రాయం.

2012లో అమెరికాలో యేల్ పరిశోధకురాలు ఎలిజబెత్ క్లాస్ బృందం ప్రచురించిన అధ్యయనం పంటి ఎక్స్-రేల మీద పెద్ద దుమారం లేపింది. మెదడు పొరలో వచ్చే మెనింజియోమా అనే గడ్డ ఉన్న 1,433 మందినీ, లేని 1,350 మందినీ అడిగి చూస్తే, గడ్డ ఉన్నవాళ్లలో బైట్‌వింగ్ తీయించుకున్నామన్నవారు రెండింతలు తేలారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. కాని ఆ లెక్కంతా ముప్పై, నలభై ఏళ్ల కిందటి ఎక్స్-రేలను రోగులు గుర్తు తెచ్చుకుని చెప్పినదాని మీద నిలబడింది. గడ్డ ఉన్న మనిషి కారణం వెతుక్కుంటూ ఎక్కువ గుర్తు తెచ్చుకుంటాడు. పైగా నోరంతా వరసగా పద్దెనిమిది బొమ్మలు తీయించుకున్నవారిలో ఆ సంబంధం కనిపించలేదు. నాలుగు బైట్‌వింగ్ బొమ్మలు హాని చేసి పద్దెనిమిది బొమ్మలు చేయకపోవడం ఎలా? అలాగని ఆ అధ్యయనాన్ని కొట్టిపారెయ్యలేం. పాతకాలపు ఫిల్ములకు డోసు ఇప్పటికంటే చాలా ఎక్కువ. అకారణంగా ఏటా తీయొద్దన్న దాని హెచ్చరిక ఇప్పటికీ సబబే.

గర్భిణుల విషయంలో ఇళ్లలో పెద్దవాళ్ల మాట గట్టిగా నడుస్తుంది. "కడుపుతో ఉన్న పిల్ల, ఎక్స్-రే మాటెత్తకండి" అంటారు అత్తగారు. పంటి ఎక్స్-రే కిరణం చెంప వైపు చూస్తుంది, కడుపు వైపు కాదు. గర్భానికి చేరేది లెక్కకు రానంత స్వల్పం. అదే చీము పట్టిన పంటిని తొమ్మిది నెలలు ఓర్చుకుంటే, జ్వరం, వాపు, తిండి పోకపోవడం, ఇష్టమొచ్చినట్టు మింగే నొప్పి మాత్రలు, వీటన్నిటితో తల్లికీ బిడ్డకూ చేటు. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 2013లోనే గర్భంలో అవసరమైన పంటి ఎక్స్-రేలు క్షేమమేనని చెప్పింది. ఏమాత్రం ఆగగలిగేదైతే ఆగండి, ఆగలేనిదైతే తీయించండి. డాక్టరుకు మాత్రం గర్భం సంగతి ముందే చెప్పాలి.

సీసం ఆప్రాన్ గురించి కూడా ఒక మాట. మెడకూ ఒంటికీ అది కట్టకపోతే ఏదో అన్యాయం జరిగినట్టు అనుకుంటాం. 2024 ఫిబ్రవరిలో అమెరికా దంతవైద్యుల సంఘం, పంటి ఎక్స్-రేలకు ఆప్రాన్, మెడపట్టీ మామూలుగా అక్కర్లేదని, పిల్లలకూ గర్భిణులకూ కూడా అక్కర్లేదని ప్రకటించింది. కిరణాన్ని సన్నగా, సూటిగా వదిలే యంత్రాలు వచ్చాక ఆప్రాన్ చేసే మేలు దాదాపు లేదు. పైగా అది అడ్డొచ్చి బొమ్మ చెడితే మళ్లీ తీయాల్సి వస్తుంది. కిరణం వచ్చే గుండ్రటి గొట్టం తీసేసి చదరపు గొట్టం బిగిస్తే డోసు సగానికి పైగా తగ్గుతుంది. ఆప్రాన్ కంటే ఇదే అసలైన రక్షణ. మీ మనశ్శాంతికి ఆప్రాన్ అడిగితే ఇస్తారు, తప్పేమీ లేదు.

ఇంకో అపోహను కూడా ఇక్కడే వదిలించుకుందాం. ఎక్స్-రే గదిలో "రేడియేషన్ ఉండిపోతుంది" అంటారు. ట్యూబ్‌లైటు ఆర్పాక గదిలో వెలుగు ఎలా మిగలదో ఇదీ అంతే. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో ప్రాణం తీసింది కోబాల్టు, అది స్విచ్చి లేని రేడియోధార్మిక లోహం. పంటి ఎక్స్-రే యంత్రంలో అలాంటిదేదీ లేదు.

ఇంతవరకు హాని సంగతి. అవసరం దగ్గరికి వస్తే నా ధోరణి మారుతుంది. కాలనీలో, ఆఫీసులో "ఉచిత దంత శిబిరం, ఓపీజీ ఫ్రీ" అని బ్యానరు కడతారు. నోరు తెరిచి చూడకముందే అందరికీ ఓపీజీ. ఇది వైద్యం కాదు, వ్యాపారం. ఎక్స్-రే ఎప్పుడూ పరీక్ష తర్వాతే. ముందు డాక్టరు చూడాలి, అనుమానం రావాలి, ఆ అనుమానం తీర్చుకోవడానికి బొమ్మ అడగాలి. పుచ్చు వచ్చే ముప్పు తక్కువున్న పెద్దవాళ్లకు బైట్‌వింగ్ రెండు మూడేళ్లకోసారి చాలని 2012 నాటి అమెరికా సూచనలు చెబుతాయి. పళ్లు తరచూ పుచ్చే పిల్లలకు ఆరు నెలలకో ఏడాదికో అవసరం కావచ్చు. పిల్లల ఒళ్లు కిరణాలకు పెద్దవాళ్ల కంటే రెండు మూడు రెట్లు సున్నితం, కాబట్టి వాళ్ల దగ్గర ఇంకాస్త ఆలోచించాలి. మామూలు పన్ను పీకడానికి సీబీసీటీ అక్కర్లేదు. యంత్రం కొత్తగా కొన్నారు కాబట్టి, వాయిదాలు కట్టాలి కాబట్టి స్కాన్ రాయడం తగదు. డిజిటల్ వచ్చాక ఇంకో జబ్బు మొదలైంది. ఒకసారి సరిగా రాకపోతే మళ్లీ, అదీ నచ్చకపోతే మళ్లీ. ఫిల్ము కడగాల్సిన శ్రమ పోయింది కాబట్టి నొక్కడం తేలికైపోయింది, డోసులో కలిసొచ్చినదంతా అలా ఖర్చైపోతుంది.

డబ్బు లేనివారికి కూడా దారి ఉంది. నాంపల్లిలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల, ఆస్పత్రి ఉన్నాయి. 1959 నుంచి పనిచేస్తోంది. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.

డాక్టరు ఎక్స్-రే రాసినప్పుడు మర్యాదగానే ఒక్క ప్రశ్న అడగండి. "డాక్టరు గారూ, ఈ బొమ్మలో ఏం కనిపిస్తే మీరు చేసే వైద్యం మారుతుంది?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోప్పడడు, పంటి వేపు వేలు చూపించి రెండు ముక్కల్లో చెబుతాడు. సరైన జవాబు వస్తే తీయించుకోండి, రాకపోతే తొందరపడకండి. తీసిన బొమ్మకు డబ్బు కట్టింది మీరే. ఫోనులోకి పంపమనండి, తేదీ, ఏ పన్నో రాసి దాచుకోండి. డాక్టరు మారినా ఊరు మారినా ముందు ఆ పాత బొమ్మ చూపించండి.